పాత మస్టాంగ్‌కు పవర్ స్టీరింగ్ తీసి మాన్యువల్ చేసేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

1965, 66 మోడళ్ళ ఫోర్డ్ మస్టాంగ్‌లో కంపెనీ బిగించి ఇచ్చిన పవర్ స్టీరింగ్ ఇప్పటి కార్లలో ఉండే తరహాది కాదు. అందులో స్టీరింగ్ బాక్స్‌కు (స్టీరింగ్ వీల్ తిప్పుడును లింకులకు అందించే గేర్ల పెట్టెకు) ఆయిల్ ఒత్తిడితో సంబంధమే లేదు. పంపు నుంచి వచ్చే ఒత్తిడి పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ నుంచి వచ్చి లింకులను కదిలించే చేయి) దగ్గరున్న కంట్రోల్ వాల్వ్ గుండా, ఒక కొస ఛాసిస్‌కు బిగించిన సిలిండర్‌లోకి చేరితే, ఆ సిలిండర్ సెంటర్ లింకును (రెండు ముందు చక్రాలను కలిపి తిప్పే అడ్డ కడ్డీని) పక్కకు నెట్టి డ్రైవరుకు సాయపడుతుంది. ఇన్నేళ్ళ తరువాత వాల్వూ గొట్టాలూ కారడం మామూలే కనుక, అమెరికాలో ఉంటూ ఇలాంటి కారు కొనుక్కున్న మనవాళ్ళకు ఇదంతా పీకేద్దామనిపించడంలో తప్పులేదు. కానీ పని సగంలో ఆగితేనే ముప్పు.

పంపు బెల్టు తీసేస్తే చాలునన్న సలహా తరచూ వినిపిస్తుంది, దాన్ని పాటించవద్దు. పంపు తిరగకపోయినా చక్రం తిప్పినప్పుడల్లా సిలిండర్‌లోని ఆయిల్ అటూ ఇటూ కదలవలసిందే కనుక స్టీరింగ్ మాన్యువల్ కారు కంటే బరువుగా ఉంటుంది. వాల్వులోని బాల్ స్టడ్‌కు (గుండు తల ఉన్న బోల్టుకు) ఉండే కదలిక కూడా స్టీరింగ్‌లో ప్లేగా, అంటే వదులుగా, మిగిలిపోతుంది. సెంటర్ లింకు, పిట్‌మన్ ఆర్మ్, ఐడ్లర్ ఆర్మ్ (సెంటర్ లింకు రెండో కొసను మోసే చేయి) ఈ మూడూ మాన్యువల్ కారువే ఒక సెట్‌గా మార్చాలి. ఆరు సిలిండర్ల కారు భాగాలు వి8కు (ఎనిమిది సిలిండర్ల కారుకు) సరిపోవు; సెంటర్ లింకును చక్రాలకు కలిపే టై రాడ్లు సైతం పార్ట్ నంబరు చూసే కొనాలి. పిట్‌మన్ ఆర్మ్ ఎక్కే సెక్టర్ షాఫ్ట్ ఈ కాలపు బాక్సుల్లో 1 అంగుళం, 1-1/8 అంగుళం అనే రెండు కొలతల్లో వచ్చింది కనుక, కాలిపర్‌తో కొలవకుండా పిట్‌మన్ ఆర్మ్ ఆర్డరు ఇవ్వకూడదు.

బాక్స్ సంగతి ముందే తేల్చుకోవాలి. పవర్ కారు బాక్స్ నిష్పత్తి 16:1, మాన్యువల్‌ది సుమారు 19:1; ఈ అంకె పెద్దదైతే వీల్ ఎక్కువ తిప్పాలి గానీ తేలికగా తిరుగుతుంది. ఉన్న బాక్స్‌నే ఉంచుకుంటే స్టీరింగ్ చురుగ్గా ఉంటుంది గానీ, పార్కింగులో భుజాలు నొప్పెడతాయి; వెడల్పాటి రేడియల్ టైర్లు వేసి ఉంటే మరీను. రోజూ ఊళ్ళో తిప్పే కారైతే బాక్స్ మార్చడమే మేలని నా అభిప్రాయం. అయితే ఈ రెండు మోడళ్ళలో స్టీరింగ్ షాఫ్ట్ బాక్స్‌తో కలిసి ఒకే కడ్డీగా వస్తుంది కనుక, స్టీరింగ్ వీలూ కాలమ్ ట్యూబూ విప్పితే గానీ బాక్స్ బయటికి రాదు. ఆ శ్రమ తప్పించుకోవడానికి షాఫ్ట్‌ను కోసి వెల్డింగ్ చేయించే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

కారు ముందు భాగాన్ని జాకీ మీద వదిలేసి కిందికి దూరకూడదు. చదునైన కాంక్రీటు మీద జాక్ స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, బ్యాటరీ వైరు తీసి, ఇంజిన్ పూర్తిగా చల్లారాకే గొట్టాలు విప్పాలి. వేడి ఎగ్జాస్ట్ మీద పడిన ఆయిల్ అంటుకోగలదు. పిట్‌మన్ ఆర్మ్‌ను పుల్లర్‌తోనే ఊడదీయాలి. సుత్తితో కొడితే ఆ దెబ్బ బాక్స్ లోపలి ఉక్కు గుళ్ళకూ బేరింగులకూ తగులుతుంది. లింకులు ఊడదీసి ఉన్నప్పుడు స్టీరింగ్ వీల్‌ను చివరిదాకా విసురుగా తిప్పకూడదు. ఆ ఊపుకు లోపల గుళ్ళు తిరిగే దారి దెబ్బతింటుంది.

బిగించేటప్పుడు వీల్‌ను మెల్లగా ఒక కొస నుంచి మరో కొసకు తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగానికి తెచ్చి, ముందు చక్రాలు నేరుగా ఉన్నాయని చూసుకున్నాకే పిట్‌మన్ ఆర్మ్ ఎక్కించాలి. చాలామంది పట్టించుకోనిది ఐడ్లర్ ఆర్మ్. పాత తరహా రబ్బరు బుష్ ఉన్న ఆర్మ్‌ను చక్రాలు పక్కకు తిరిగి ఉండగా బిగిస్తే, రబ్బరు మెలిపడి, కారు ఎప్పుడూ అటువైపే లాగుతుంటుంది. అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేయించినా ఆ లాగుడు పోదు. నట్లన్నిటినీ షాపు మాన్యువల్‌లో (మరమ్మతు పుస్తకంలో) చెప్పిన టార్క్‌కు, అంటే బిగింపు బలానికి, బిగించాలి. స్ప్లిట్ పిన్ దూర్చే నట్టు గాడి, బోల్టులోని రంధ్రానికి ఎదురుగా రాకపోతే మరికాస్త బిగించాలే తప్ప వదులు చేయకూడదు. పాత స్ప్లిట్ పిన్ మళ్ళీ వాడకూడదు.

పంపు తీసేశాక మిగిలిన బెల్టు వాటర్ పంపునూ ఆల్టర్నేటర్‌నూ సరిగ్గా తిప్పుతోందో లేదో చూడాలి. ఖాళీ అయిన బ్రాకెట్ల బోల్టు రంధ్రాల్లో పొడవు సరిపోయే బోల్టులే వేయాలి.

సెంటర్ లింకు మారితే టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు ఎంత లోపలికి తిరిగి ఉన్నాయనే కొలత) తప్పకుండా మారుతుంది. విప్పకముందే రెండు ముందు టైర్ల మధ్య దూరాన్ని ముందువైపూ వెనకవైపూ టేపుతో కొలిచి రాసిపెట్టుకుంటే, తరువాత ఆ కొలతకు దగ్గరగా తెచ్చి అలైన్‌మెంట్ షాపుదాకా నెమ్మదిగా తీసుకెళ్ళవచ్చు. అక్కడ, కారు ఇప్పుడు మాన్యువల్ అని చెప్పాలి. క్యాస్టర్ (చక్రం పక్కకు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) ఎక్కువ పెడితే నేరుగా పోవడం బాగుంటుంది గానీ తిప్పడం బరువవుతుంది.

మొదట కారును ఖాళీ స్థలంలో నడిపి చూడాలి. రెండు వైపులా చివరిదాకా తిప్పినా లింకు గానీ టైరు గానీ బ్రేకు గొట్టానికి తగలకూడదు. మలుపు తిరిగాక వీల్ తనంతట తాను వెనక్కి రావాలి. రాకపోతే బాక్స్ సర్దుబాటు స్క్రూ ఎక్కువ బిగిసిందేమో చూడాలి. గుంతలో పడినప్పుడు ఇప్పుడు దెబ్బ నేరుగా వీల్‌కు వస్తుంది కనుక బొటనవేళ్ళను చువ్వల లోపలికి పెట్టి పట్టుకునే అలవాటు మానుకోవాలి. మొదటి వంద మైళ్ళ తరువాత కారును మళ్ళీ లేపి ప్రతి నట్టునూ పిన్‌నూ చూడాలి. తీసేసిన వాల్వునూ సిలిండర్‌నూ ఆయిల్ వంచేసి, పేరు రాసి, పెట్టెలో భద్రపరచండి. రేపు కారు కొనేవారు వాటినే అడగవచ్చు.