అబ్రహాం లింకన్ వంశచరిత్రను పాత కాగితాల నుంచి తెలుసుకోవడం ఎలా?

లింకన్ అనగానే అధ్యక్షుడే గుర్తొస్తాడు. అంతకుముందు ఆయన ఇల్లినాయ్‌లో గుర్రం మీద ఊరూరా తిరిగి కేసులు వాదించిన వకీలు. 1834లో ఆ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు, 1836లో లాయరు లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆయన వంశవృక్షాన్ని రికార్డుల నుంచి మీరే కట్టి చూడండి. అమెరికా పాత రికార్డులు చదవడం నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. అక్కడ చదువుకునే మన పిల్లలకు స్కూల్ ప్రాజెక్టుగా కూడా పనికొస్తుంది.

1. ఆయన చెప్పింది ముందు రాసుకోండి

1859 డిసెంబరులో లింకన్ తన మిత్రుడు జెస్సీ ఫెల్‌కు చిన్న ఆత్మకథ రాసి పంపాడు. అమ్మా నాన్నా వర్జీనియాలో పుట్టారని, పేరున్న కుటుంబాలు కావని, తాత కెంటకీ వచ్చిన ఏడాది రెండేళ్లకే ఆదివాసుల దాడిలో చనిపోయాడని అందులో ఉంది. ఒక్కో విషయాన్ని విడిగా రాసి, పక్కన సాక్ష్యం కోసం చోటు వదలండి. లింకన్ అయినా సరే, తాత గురించి చెప్పింది తను విన్న మాటే. 1848లో ఒక ఉత్తరంలో ఆయన చెప్పిన లెక్క ప్రకారం తాత చనిపోయింది 1784 ప్రాంతంలో. రికార్డులను బట్టి అది 1786.

2. ఒక్కో తరం వెనక్కి వెళ్లండి

అమెరికా ఈశాన్య ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్‌లో ఉన్న లింకన్లతో తమకు చుట్టరికం ఉందా అంటే, మోర్డెకై, అబ్రహాం లాంటి పేర్లు కలవడం తప్ప గట్టి ఆధారం దొరకలేదని ఆయనే రాశాడు. పేరు కలిసిందని గీత గీసేయకుండా ఆగిన ఆ జాగ్రత్త మీకూ ఉండాలి. తర్వాతి పరిశోధకులు వీలునామాలు, భూమి దస్తావేజులు పట్టుకుని వరస తేల్చారు: తండ్రి థామస్, తాత కెప్టెన్ అబ్రహాం, ఆయన తండ్రి జాన్, ఆ పైన ఇద్దరు మోర్డెకైలు, చివరికి 1637లో ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ నుంచి మసాచుసెట్స్ చేరిన శామ్యూల్ లింకన్.

3. ఏ కౌంటీయో తేల్చుకున్నాకే వెతకండి

అన్నిటికన్నా ముఖ్యం ఇదే. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు విడిపోయినట్టే అక్కడ కౌంటీలు విడిపోతూ వచ్చాయి. లింకన్ 1809లో పుట్టిన చోటు అప్పట్లో కెంటకీలోని హార్డిన్ కౌంటీలో ఉండేది. ఇప్పుడు అది 1843లో ఏర్పడిన లారూ కౌంటీ. కెంటకీ కూడా 1792 దాకా వర్జీనియాలో భాగమే.

ఈ గందరగోళంలో ఎక్కువగా నలిగింది ఆయన తల్లి నాన్సీ హాంక్స్. థామస్ కాపురం ఉన్న హార్డిన్ కౌంటీలో ఆయన రెండో పెళ్లి రికార్డు ఉంది, నాన్సీతో పెళ్లి రికార్డు లేదు. దాంతో అసలు పెళ్లే కాలేదని పుకార్లు లేచాయి. ఆ కాగితం పక్కనే, నాన్సీ తరఫువాళ్లు ఉన్న వాషింగ్టన్ కౌంటీ కోర్టులో పడి ఉంది. పెళ్లి 1806 జూన్ 12న జరిగింది. రికార్డు బయటపడింది 1878లో, అప్పటికి నాన్సీ పోయి 60 ఏళ్లు, లింకన్ పోయి 13 ఏళ్లు. చదివినప్పుడల్లా ఆ తల్లి మీద జాలేస్తుంది. కాబట్టి పెళ్లి రికార్డు కోసం ముందు పెళ్లికూతురి తరఫువాళ్లు ఉన్న కౌంటీలో చూడండి. ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైట్‌లో చాలా కౌంటీల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి.

4. జనాభా లెక్కలు, పన్ను జాబితాలు, భూమి

1840 దాకా జనాభా లెక్కల్లో ఇంటి పెద్ద పేరే ఉంటుంది, ఇంట్లో (బానిసలు తప్ప) అందరి పేర్లూ 1850 నుంచే. కెంటకీ 1790 లెక్కలు మిగలలేదు, పన్ను జాబితాలు చూడాలి.

భూమి కాగితాలు చదివేటప్పుడు అప్పటి వారసత్వ చట్టం కూడా తెలుసుకోండి. కెప్టెన్ అబ్రహాం వీలునామా రాయకుండానే చనిపోయాడు. అప్పటి వర్జీనియా చట్టం ప్రకారం ఆస్తంతా పెద్దకొడుకు మోర్డెకైదే. పిల్లవాడైన థామస్‌కు ఏమీ దక్కలేదు. పెద్దయ్యాక కెంటకీలో కొన్న పొలాలకూ హక్కుల గొడవలే. 1816లో కుటుంబం ఇండియానాకు వెళ్లిపోవడానికి ప్రధాన కారణం అదేనని లింకన్ రాశాడు. తన పేదరికం గురించి లింకన్ రాసిన మాటలకు అసలు నేపథ్యం ఇక్కడ దొరుకుతుంది.

5. కాగితం లేనిచోట డీఎన్ఏ

తల్లి నుంచి పిల్లలకు వచ్చే మైటోకాండ్రియా డీఎన్ఏను కూతుళ్లే ముందు తరాలకు అందిస్తారు. కాబట్టి లింకన్ నుంచి అది ఆయన సంతతికి చేరదు, పైగా ఆయన నేరు వంశం 1985లో ఆగిపోయింది. అందుకే హాంక్స్ ఆడపడుచుల సంతతిని పరీక్షించారు. కాగితాల్లో తేలని నాన్సీ తల్లి లూసీ హాంక్స్ అనే ఆమేనని 2015లో వెలువడిన ఫలితాలు బలపరిచాయి. ఈ పరీక్ష తల్లి వైపు మాత్రమే చెబుతుంది. నాన్సీ తండ్రి పేరు చెప్పే నమ్మదగిన రికార్డు ఏదీ లేదు కాబట్టి, మీ వంశవృక్షంలో ఆ గడిని ఖాళీగానే ఉంచండి.