బాస్ తీరు గుర్తుపట్టడం – 4వ పాఠం: దాపరికం

పోయిన పాఠంలో, బాస్ మీ మీద వేరే ఉద్దేశంతో ఉన్నాడనడానికి గుర్తుగా, రాత్రి పది దాటాక అతని నుంచి వచ్చే మెసేజ్‌లన్నీ లెక్కలో రాయమన్నాను. తప్పు నాదే. గచ్చిబౌలి, రాయదుర్గం ఆఫీసుల్లో అమెరికా క్లయింట్లతో కాల్స్ మొదలయ్యేదే చీకటి పడ్డాక. నా మాట పట్టుకుని ఒకమ్మాయి రెండు వారాలు మేనేజర్‌తో ముభావంగా ఉందట. పాపం, ఆయన అడిగింది మర్నాటి సాఫ్ట్‌వేర్ రిలీజ్ గురించి.

కాబట్టి టైమ్ వదిలేయండి. బాస్ మీకు ఒక్కరికే పంపిన మాట టీమ్ గ్రూపులో పెట్టగలడా? ఇదొక్కటే చూడండి. 'బిల్డ్ ఆగిపోయింది, కాస్త చూడమ్మా' అని పెట్టగలడు. 'ఆ పచ్చ డ్రెస్ నీకు భలే నప్పింది' అని పెట్టలేడు. పంపిన రెండు నిమిషాలకే డిలీట్ చేశాడంటే, ఆ సంగతి అతనికీ తెలుసు. వానలో మెట్రో దాకా దింపేవాడు అందరి ముందూ గేటు దగ్గరే ఎక్కించుకుంటాడు. 'గేటు దగ్గర వద్దు, టీ కొట్టు మలుపులో నిలబడు' అన్నాడా, అది వేరే లెక్క.

చేయి వేయడం లాంటివి నేను నేర్పక్కర్లేదు.

ఎక్కువమంది జారేది ఇంకోచోట. పెళ్లయిన బాస్ 'మా ఆవిడకి నా గోడు పట్టదు' అనగానే, 'నన్ను నమ్మి చెప్పుకున్నాడు' అనుకుంటారు. ఇది వింటే నాకు ఒళ్లు మండుతుంది. చెప్పుకోవడానికి అతనికి స్నేహితులు లేరా, అన్నదమ్ములు లేరా? మీ అప్రైజల్ రాసేవాడు మీకే ఎందుకు చెప్తున్నాడు? మీరు వినక తప్పదు గనుక. ఓదార్చారా, రేపు ఇంకో కథ వస్తుంది. మొహమాటానికి ఊఁ కొట్టారా, దాన్నీ ఇష్టమనే అనుకుంటాడు. నేనైతే ఒకటే అంటాను: 'అది వదినగారితోనే మాట్లాడండి సార్.' వదిన అన్న పిలుపు వినగానే మాట అక్కడే ఆగుతుంది.

అభ్యాసం: 14 రోజులు, ఒక్కరోజూ మానకుండా రాయండి. తేదీ, అతనన్న మాట ఉన్నదున్నట్టు, అప్పుడు పక్కన ఎవరున్నారు. అదే రోజు పక్క సీటు అబ్బాయితో ఎలా మాట్లాడాడో కూడా రాయండి. మీ ఊహలు మాత్రం రాయొద్దు. వద్దన్నాక కూడా ఆగకపోతే ఈ రాతే మీకు ఆధారం. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 2013లో వచ్చిన చట్టం ప్రకారం, చివరి ఘటన జరిగిన 3 నెలల్లోగా ఫిర్యాదు రాసివ్వాలి. 10 మంది, ఆపైన పనిచేసే ఆఫీసులో ఇలాంటి ఫిర్యాదులు వినే ఇంటర్నల్ కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న ఆఫీసైతే జిల్లాలోని లోకల్ కమిటీకి ఇవ్వాలి.

రాసేది కాగితం నోటుబుక్కులో, ఆఫీసు లాప్‌టాప్‌లో కాదు. బుక్కు ఇంట్లోనే ఉంచండి.