విడాకుల తర్వాత భరణం – 4వ పాఠం: ముందు నాలుగో వంతు లెక్క, తర్వాత ఆర్డర్ మార్పు

ఇవాళ భరణం పెంపు, తగ్గింపు మొదలుపెట్టాలి. కానీ భర్త జీతం చూసి భార్యకు నెలకు ఎంత భరణం అడగొచ్చో తేల్చమని పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కకు ఎక్కువమంది ఒకే జవాబు రాశారు. జీతాన్ని నాలుగుతో భాగించి అక్కడితో ఆపేశారు. అది సరిచేయకుండా ముందుకు పోలేం.

నాలుగో వంతు అనే మాట చట్టంలో లేదు. హిందూ వివాహ చట్టం 25వ సెక్షన్ ఇద్దరి ఆదాయం, ఆస్తి, నడవడిక, ఇతర పరిస్థితులు చూడమంటుంది. నికర జీతంలో 25 శాతం సబబని సుప్రీంకోర్టు 2017లో కళ్యాణ్ డే చౌదరి కేసులో అంది. ఆ తీర్పు చివరిదాకా చదవండి. భర్త నికర జీతం 95 వేల పైచిలుకు, హైకోర్టు ఇమ్మన్నది 23 వేలు. అతనికి మళ్లీ పెళ్లయింది, ఆ సంసారమూ పోషించాలి కాబట్టి సుప్రీంకోర్టు దాన్ని 20 వేలు చేసింది. పాతిక శాతం అన్న తీర్పులోనే ఇప్పించింది పాతిక శాతం కన్నా తక్కువ.

ఇక అసలు పొరపాటు. మీలో చాలామంది బ్యాంకు ఖాతాలో పడిన అంకెనే నికర జీతం అనుకున్నారు. ఈ ఒక్క తప్పు వల్ల ఆడవాళ్లు ఎంత నష్టపోతారో చూస్తుంటే బాధేస్తుంది. గాజువాకలో ఉండే ఒక ఫ్యాక్టరీ ఉద్యోగి పే స్లిప్ ఊహించుకోండి. మొత్తం జీతం 90,000. ఆదాయపు పన్ను 4,000, పీఎఫ్ 8,000, సొసైటీ లోను 15,000, ఫ్లాటు ఈఎంఐ 25,000, ఎల్ఐసీ 6,000. చేతికొచ్చేది 32,000. దాని మీద నాలుగో వంతు 8,000.

పన్ను, తప్పనిసరి పీఎఫ్ అతని చేతిలో లేవు, అవి తీసేయొచ్చు. మిగతావి అతను పెట్టుకున్నవి. ఫ్లాటు అతని ఆస్తి అవుతోంది, ఎల్ఐసీ అతని పొదుపు. కాబట్టి మనం పట్టుకోవాల్సింది 78,000. నాలుగో వంతు వేసినా 19,500. ఎనిమిది వేలకూ దీనికీ ఎంత తేడా! అప్పులన్నీ కొట్టిపారేస్తారని కాదు. ఆ ఫ్లాటులో భార్యాపిల్లలే ఉంటున్నా, తల్లిదండ్రుల వైద్యానికి అప్పు చేసినా కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు. కేసు వేశాక పుట్టుకొచ్చిన లోను మాత్రం తారీఖు చూసి అనుమానించండి. 2020లో రజనేష్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ ఆదాయం, ఖర్చులు, ఆస్తులు, అప్పుల అఫిడవిట్ (ప్రమాణ పత్రం) వేయాలి. ఇవన్నీ దొరికేది అందులోనే. నేనైతే జీతం కన్నా ముందు ఖర్చుల పేజీ చూస్తాను.

ఇప్పుడు మార్పు. నెలనెలా ఇచ్చే భరణాన్ని పరిస్థితులు మారితే పెంచొచ్చు, తగ్గించొచ్చు, రద్దు చేయొచ్చు. విడాకుల కేసులో వచ్చిన ఆర్డరైతే 25వ సెక్షన్‌లోని రెండో ఉపవిభాగం, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద వచ్చిందైతే, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 146వ సెక్షన్. పిటిషన్ ఆర్డర్ ఇచ్చిన కేసులోనే వేయాలి. ఉద్యోగం పోవడం, రిటైర్మెంటు, పెద్ద జబ్బు, జీతం పెరగడం, భార్య మళ్లీ పెళ్లి చేసుకోవడం, అన్నీ కారణాలే. ఆర్డర్ నాటికే ఉన్న సంగతి కారణం కాదు. ఏకమొత్తంగా రాజీపడి తీసుకుంటే మళ్లీ అడగడం చాలా కష్టం, అందుకే నెలనెలా తీసుకునేలా రాజీపడి, ఆ కాగితంలో ఏటా పెంపు రాయించుకోమని చెబుతాను.

భర్త తనంతట తాను తగ్గించి ఇస్తే మిగిలింది బకాయిగా పేరుకుంటుంది. పుచ్చుకునేవాళ్లూ ఊరుకోకూడదు. సంహిత 144వ సెక్షన్ (పాత 125) కింద బాకీ వసూలుకు వారంటు అడగాలంటే బాకీ పడిన ఏడాదిలోపే దరఖాస్తు చేయాలి. లాయరుకు డబ్బు లేదని ఆగకండి. ఆదాయంతో పని లేకుండా మహిళలకు విశాఖ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

అభ్యాసం: ఒక కాగితం మీద రెండు గడులు గీయండి. ఆర్డర్ నాడు, ఇవాళ. ఇంటి అద్దె, ఫీజులు, మందులు, జీతం, ఇద్దరివీ రాయండి. ప్రతి అంకె పక్కన రుజువు కాగితం పేరు ఉండాలి. రుజువు లేని అంకె కొట్టేయండి. మిగిలిన తేడా మీద అయిదు వాక్యాల్లో పిటిషన్ కారణం రాయండి.