హెరాక్లిటస్‌ని చదవడం మొదలుపెట్టేవాళ్లకి

"అంతా మారిపోతూనే ఉంటుంది" అన్న వాక్యంతో మాత్రం మొదలుపెట్టకండి. అందరూ ప్రాచీన గ్రీకు తత్వవేత్త హెరాక్లిటస్ అన్నాడనే చెప్తారు గానీ, మిగిలిన ఆయన మాటల్లో ఆ వాక్యం ఆ రూపంలో లేదు.

మనిషిది ఎఫెసస్, ఇప్పటి టర్కీలో ఉంది, కాలం సుమారు క్రీ.పూ. 500. రాసిన పుస్తకం పోయింది. తర్వాతివాళ్లు ఎత్తి రాసుకున్న వంద పైచిలుకు ముక్కలే మిగిలాయి, చాలావరకు ఒకటి రెండు లైన్లే, కాబట్టి ఏకబిగిన చదివితే బుర్ర వేడెక్కడం తప్ప ఏమీ మిగలదు. రోజుకొకటి చాలు.

మొదట నది ముక్క తీసుకోండి. "ఒకే నదిలో రెండుసార్లు దిగలేం" అన్నది ప్లేటో చెప్పిన తీరు. చాలామంది పండితులు ఎక్కువగా నమ్మే పాఠంలో, అవే నదుల్లో దిగేవాళ్ల మీదికి వేరే వేరే నీళ్లు వస్తుంటాయి అని ఉంటుంది. తేడా గమనించారా? నది అదే, నీళ్లే వేరు. నీళ్లు పారడం మానేస్తే అది మడుగు అవుతుంది గానీ నది కాదు. (క్రాటిలస్ అనే ఆయన అసలు ఒక్కసారి కూడా దిగలేమని వాదించి, చివరికి మాట్లాడటం మానేసి వేలు మాత్రం ఆడించేవాడట, అరిస్టాటిల్ రాశాడు.)

తర్వాత కైకియోన్ ముక్క. బార్లీ వేసి కలుపుకునే గ్రీకుల పానీయం అది, కలపకుండా వదిలేస్తే విడిపోతుంది అంటాడు. పక్కన గ్లాసుడు మజ్జిగ పెట్టుకుని చదవండి, కాసేపటికి పైన నీళ్లు తేరతాయి, చెంచాతో తిప్పితే మళ్లీ మజ్జిగ.

ఒకదానికొకటి విరుద్ధమైనవాటిని జంటగా కలిపి చెప్పే ముక్కల దగ్గరే అందరం జారిపడతాం. నేనూ మొదట్లో ప్రతి ముక్క పక్కనా "అంతా ఒకటే" అని రాసేసుకుని వేదాంతం ఖాతాలో వేసేశాను. అలా చేయకండి, ఒక్కో జంట ఒక్కో రకం. సముద్రపు నీరు చేపలకి ప్రాణం, మనకి విషం: ఇక్కడ "ఎవరికి?" అని అడగాలి. ఎక్కే దారీ దిగే దారీ ఒకటే: "ఎటు నుంచి?" అనాలి. ఆకలి వల్లే కడుపు నిండటం హాయి: ఇక్కడ ఒకటి లేకపోతే రెండోదానికి రుచే లేదు.

విల్లు గురించినది ఆఖరికి ఉంచుకోండి, అదీ నోట్స్ ఉన్న అనువాదంలోనే. గ్రీకులో బియోస్ అంటే, ఊనిక ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి, ప్రాణమూ అవుతుంది, విల్లూ అవుతుంది. పేరు ప్రాణం, చేసే పని చావు అంటాడు.