ఎలక్ట్రిక్ గిటార్‌కి తీగల గేజ్ మార్చాక సెటప్ సరిచేసుకోవడం ఎలా?

గేజ్ అంటే తీగ మందం. 9-42 సెట్ అంటే ఒకటో తీగ 0.009 అంగుళం, ఆరో తీగ 0.042 అంగుళం. ఇన్నాళ్లూ 9-42 సెట్ వాడి, ఇప్పుడు 10-46 వేశారనుకోండి. మొదటి తీగ మందం 0.009 అంగుళం నుంచి 0.010 అంగుళానికి పెరిగింది, అంతే. ఆ తేడా కంటికి ఆనదు. కానీ పొడవు, శ్రుతి మారకుండా ఉంటే తీగ లాగుడు దాని మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. లెక్క వేసి చూస్తే ఆ ఒక్క తీగలోనే టెన్షన్ సుమారు 23 శాతం ఎక్కువైంది. ఆరు తీగలూ కలిపితే, 25.5 అంగుళాల స్కేల్ (మోగే తీగ పొడవు) ఉన్న గిటార్ మీద మొత్తం లాగుడు సుమారు 38 కిలోల నుంచి 46 కిలోల దాకా వెళ్తుంది.

ఆ అదనపు బరువంతా నెక్ మీద, బ్రిడ్జ్ మీద పడుతుంది. అందుకే కొత్త సెట్ వేయగానే తీగలు ఎత్తుగా అనిపిస్తాయి, పై ఫ్రెట్లలో స్వరం తప్పుతుంది. గిటార్‌కి ఏమీ కాలేదు, అది పాత తీగల లెక్కకే సర్దుకుని ఉంది. కొత్త లెక్కకు దాన్ని మీరే సర్దవచ్చు. అయితే వరస మాత్రం తప్పకూడదు. ట్రస్ రాడ్ (నెక్ లోపల దాని వంపును సర్దే లోహపు కడ్డీ) తిప్పితే యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) మారుతుంది, యాక్షన్ మారితే ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్‌లో స్వరం సరిగా పలకడం) మారుతుంది. చివరి పని ముందు చేస్తే దాన్ని మళ్లీ చేయాల్సి వస్తుంది.

పాత తీగలు విప్పకముందే

ట్యూనర్, కాపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టే క్లిప్పు), మిల్లీమీటర్లో సగం గీతలు కూడా ఉన్న స్టీల్ స్కేలు, ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకుల కట్ట), చిన్న స్క్రూడ్రైవర్, మీ గిటార్‌కి సరిపోయే అలెన్ కీలు దగ్గర పెట్టుకోండి. అలెన్ కీ దగ్గర జాగ్రత్త. 1/8 అంగుళం అంటే 3.175 మిల్లీమీటర్లు. అక్కడ 3 మిల్లీమీటర్ల కీ దూరుతుంది, తిరుగుతుంది, కానీ వదులుగా ఉండి ట్రస్ రాడ్ నట్ మూలలు అరగదీస్తుంది. మూలలు అరిగిపోయిన ట్రస్ రాడ్ బాగుచేయడం పెద్ద పని.

పాత తీగలు వాయించడానికి హాయిగా ఉంటే వాటి కొలతలు రాసి పెట్టుకోండి. 12వ ఫ్రెట్ దగ్గర ఒకటో తీగ, ఆరో తీగ ఎంత ఎత్తులో ఉన్నాయి, నెక్ వంపు ఎంత ఉంది అని. ఏ కంపెనీ చెప్పే అంకెల కన్నా మీ చేతికి అలవాటైన అంకెలే మంచి గురి.

1. తేలే బ్రిడ్జ్ ఉంటే ముందు దాని సంగతి

బ్రిడ్జ్ కదలనిదైతే ఈ భాగం వదిలేయండి. ట్రెమొలో (బ్రిడ్జ్‌ని కదిపి స్వరాన్ని ఊపే పిడి) ఉండి, బ్రిడ్జ్ బాడీకి ఆనకుండా తేలుతూ ఉంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడే. ఒకవైపు తీగలు లాగుతాయి, ఇంకోవైపు వెనకనున్న స్ప్రింగులు లాగుతాయి. లావు తీగలు వేస్తే బ్రిడ్జ్ ముందుకు ఒరిగి, తోక పైకి లేస్తుంది.

వెనక మూత తీస్తే స్ప్రింగులు తగిలించిన లోహపు పట్టీ, దానికి రెండు పొడుగాటి స్క్రూలు కనిపిస్తాయి. రెండింటినీ సమానంగా, తలా అర చుట్టు బిగించండి. బిగించగానే శ్రుతి పైకి పోతుంది. మళ్లీ శ్రుతి చేసి, బ్రిడ్జ్ పక్కనుంచి చూడండి. ఇలా నాలుగైదు సార్లు చేయాల్సి రావచ్చు, ఓపిక పట్టండి. ఫ్లాయిడ్ రోజ్ రకం బ్రిడ్జ్ బాడీకి సమాంతరంగా నిలబడాలి. స్ట్రాటోకాస్టర్ తరహా బ్రిడ్జ్‌కి వెనక అంచు కింద సుమారు 3 మిల్లీమీటర్ల సందు ఉంటే చాలు. స్క్రూలు పూర్తిగా బిగిసినా బ్రిడ్జ్ దిగకపోతే ఇంకో స్ప్రింగ్ తగిలించండి.

2. నెక్ వంపు

మీరు వాయించే శ్రుతిలోనే తీగలన్నీ పెట్టండి. కిందికి దించి వాయించేవాళ్లయితే కొలత కూడా ఆ శ్రుతిలోనే తీసుకోవాలి.

మొదటి ఫ్రెట్‌కి కాపో బిగించి, ఆరో తీగను చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టుకోండి. ఇప్పుడు ఆ తీగే తిన్నని స్కేలుగా పనికొస్తుంది. 8వ ఫ్రెట్ దగ్గర తీగ అడుగుకీ ఫ్రెట్ నెత్తికీ మధ్య సందు చూడండి. 0.25 మిల్లీమీటర్ దగ్గర ఉంటే బాగుంది. ఫీలర్ గేజ్ రేకు దూర్చినప్పుడు తీగ పైకి లేవకుండా రేకు రాసుకుంటూ పోవాలి.

లావు తీగలకు నెక్ విల్లులా ముందుకు వంగి, సందు పెరిగి ఉంటుంది. ట్రస్ రాడ్‌ను సవ్యదిశలో తిప్పితే నెక్ నిటారవుతుంది. సన్న తీగలకు మారినవాళ్లకు ఇది తారుమారు. సందు పోయి, మొదటి నాలుగైదు ఫ్రెట్లలో తీగ జరజరమంటుంది. వాళ్లు అపసవ్యదిశలో వదులు చేయాలి. ఎటైనా ఒక్కసారికి పావు చుట్టు మించొద్దు. తిప్పాక శ్రుతి చేసి, కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ కొలవండి. చెక్క వెంటనే కుదురుకోదు. కీ మొండికేస్తే బలం పెట్టకండి. తీగలు కాస్త వదులు చేసి ప్రయత్నించండి. అప్పటికీ కదలకపోతే రిపేర్ చేసేవాళ్లకు చూపించండి.

తీగలు ఎత్తుగా ఉన్నాయని చాలామంది ట్రస్ రాడ్ మీద పడతారు. దాని పని నెక్ వంపు వరకే, ఎత్తు సర్దాల్సింది బ్రిడ్జ్ దగ్గర.

3. నట్ గాడులు

నట్ అంటే నెక్ తల దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీ. ఈ మెట్టును దాటేసేవాళ్లే ఎక్కువ. శ్రుతి నిలవట్లేదన్న ఫిర్యాదు చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. మూడో తీగను నెమ్మదిగా పైకి శ్రుతి చేస్తూ ట్యూనర్ చూడండి. కీ తిరుగుతున్నా ముల్లు కదలకుండా ఉండి, 'టిక్' అని ఒక చప్పుడుతో ఒక్కసారిగా పైకి దూకితే తీగ గాడిలో ఇరుక్కుందన్నమాట. సన్న తీగకు కోసిన గాడిలో లావు తీగ సరిగా కూర్చోలేదు.

ఒక్క సైజు పెరిగితే మెత్తని పెన్సిల్ గ్రాఫైట్ గాడిలో రుద్దడంతో సరిపోవచ్చు. 9 నుంచి 11కి వెళ్తే గాడి వెడల్పు చేయక తప్పకపోవచ్చు. దానికి తీగ మందానికి తగిన నట్ ఫైల్ కావాలి. పక్కలకే అరగదీయాలి, లోతు పెరగనివ్వకూడదు. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి, మొదటి ఫ్రెట్ మీద చూడండి. వెంట్రుకంత సందైనా మిగలాలి. ఆ సందు పోతే ఓపెన్ తీగ ఫ్రెట్‌కి తగిలి గరగరమంటుంది. అలవాటు లేకపోతే ఈ పని తెలిసినవాళ్లకు అప్పగించడమే నయం.

4. యాక్షన్

కాపో తీసేయండి. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ 2 మిల్లీమీటర్లు, ఒకటో తీగ 1.5 మిల్లీమీటర్ల ఎత్తులో పెట్టి మొదలుపెట్టండి. మధ్య తీగలు ఫింగర్‌బోర్డ్ గుండ్రదనాన్ని అనుసరించాలి. బిగువైన తీగ తక్కువ మేర ఊగుతుంది కాబట్టి, లావు సెట్‌ని పాతదాని కన్నా కాస్త కిందికి దించినా ఫ్రెట్‌కి తగలకపోవచ్చు. ప్రతి తీగనూ ప్రతి ఫ్రెట్‌లోనూ మీరు మామూలుగా కొట్టే బలంతోనే కొట్టి చూడండి.

5. ఇంటొనేషన్

ముందు పికప్ ఒకసారి చూడండి. అది తీగలకు మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగుతుంది. ఆరో తీగ పై ఫ్రెట్లలో స్వరం వణుకుతుంది, ట్యూనర్ ముల్లు నిలవదు, కొలిచిందంతా వృథా అవుతుంది. చివరి ఫ్రెట్ నొక్కినప్పుడు తీగ అడుగు నుంచి పికప్‌కి 2 మిల్లీమీటర్ల పైన దూరం ఉండేలా దించుకోండి.

ఇక 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలు ఆనించి మీటే స్వరం) వాయించి శ్రుతి చేయండి. తర్వాత అదే ఫ్రెట్‌లో తీగ నొక్కి వాయించండి. నొక్కిన స్వరం పైకి పోతే సాడిల్‌ను (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న దిమ్మను) నట్ నుంచి దూరంగా జరపాలి. కిందికి పోతే నట్ వైపు తేవాలి. లావు తీగ వంగడానికి ఒప్పుకోదు కాబట్టి సాధారణంగా వెనక్కే జరపాల్సి వస్తుంది. సాడిల్ జరిపేముందు తీగ వదులు చేయండి. ప్రతిసారీ మళ్లీ శ్రుతి చేశాకే కొలవండి. గిటార్‌ను బల్ల మీద పడుకోబెట్టకుండా వాయించేటప్పటిలాగే ఒళ్లో పట్టుకోండి. నొక్కే వేలు గట్టిదైతే స్వరం ఎలాగూ పైకి పోతుంది, మీకు అలవాటైన ఒత్తిడే పెట్టండి. తుప్పుపట్టిన పాత తీగల మీద ఈ పని కుదరదు.

6. పికప్ ఎత్తు

ఇది చెవి చెప్పే పని. లావు తీగలో లోహం ఎక్కువ, ధ్వని కూడా ఎక్కువే. మంద్ర తీగలు మిగతావాటిని మింగేస్తుంటే ఆ వైపు స్క్రూ కొద్దిగా దించండి, అంతే.

మర్నాడు మళ్లీ శ్రుతి చేసి, 8వ ఫ్రెట్ దగ్గర సందు కొలవండి. ఇంకాస్త పెరిగి ఉంటే ట్రస్ రాడ్ ఇంకో పావు చుట్టులోపే తిప్పి, యాక్షన్, ఇంటొనేషన్ ఒకసారి సరిచూసుకోండి.