స్కూల్ క్రిస్మస్ నాటికలో పిల్లల వేషం: తక్కువ ఖర్చుతో ఇంట్లోనే ఎలా చేయాలి?

డిసెంబరు మొదలైందంటే పిల్లల డైరీలో చీటీ రెడీగా ఉంటుంది. మీ పాప దేవదూత, తెల్ల గౌను, రెక్కలు పంపండి. మీ బాబు గొర్రెల కాపరి, డ్రెస్ మీరే చూసుకోండి. గౌను కొని, రెక్కలు అద్దెకు తెచ్చి, తలకు రింగు, కాళ్ళకు తెల్ల బూట్లు అంటూ పోతే పది నిమిషాల వేషానికి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

స్టేజీ మీది వేషాన్ని జనం చూసేది ఇరవై ముప్ఫై అడుగుల దూరం నుంచి. అంత దూరానికి తెలిసేవి మూడే: రంగు, తలమీద ఉన్నది, చేతిలో ఉన్నది. కుట్టు ఎంత సన్నగా ఉంది, గుడ్డ ఏ రకం అన్నది ఎవరికీ కనబడదు. ఆ మూడూ చూసుకుంటే చాలా వేషాలకు ఇంట్లో ఉన్న బట్టలే సరిపోతాయి.

1. కొనే ముందు టీచరును అడగండి

వేషం ఖాయమైందా, ఇంకా మారుతుందా? గుంపులో అందరూ ఒకే తెలుపు వేసుకోవాలా? స్కూల్లో పోయినేటి రెక్కలు, కిరీటాలు ఏమైనా ఉన్నాయా? వేషాలతో రిహార్సల్ ఏ రోజు? కార్యక్రమం హాల్లోనా, గ్రౌండులోనా? చివరి ప్రశ్న చాలామంది అడగరు. గోదావరి డెల్టాలో డిసెంబరు సాయంత్రం ఆరుబయట అంటే మంచు కురుస్తుంది. అట్టతో, కాగితంతో చేసినవి మెత్తబడతాయి, పిల్లలకు చలి వేస్తుంది. కాబట్టి లోపల స్వెటర్ పట్టేంత వదులు ఉండాలి.

టైలరుకు ఇవ్వాలనుకుంటే మొదటి వారంలోనే ఇచ్చేయండి. క్రిస్మస్ బట్టల వెనకే పెద్దపండుగ బట్టలు వచ్చి పడతాయి. ఆ తర్వాత గౌను పట్టుకెళ్తే "అమ్మా, పండగ వెళ్ళాక రండి" అంటారు.

2. దేవదూత గౌను

అన్నిటికన్నా ఎక్కువమంది పిల్లలకు వచ్చే వేషం ఇదే కాబట్టి దీన్ని వివరంగా చూద్దాం. ఏడెనిమిదేళ్ళ పిల్లకు, సుమారు 48 అంగుళాల ఎత్తుకు లెక్క ఇది. భుజం నుంచి చీలమండ దాకా 36 అంగుళాలు, కింద మడతకు 4, మొత్తం 40. ముందూ వెనకా కలిపి 80. 44 అంగుళాల పన్నా (గుడ్డ వెడల్పు) ఉన్న తెల్ల పాప్లిన్ రెండుంపావు మీటర్లు తీసుకోండి. నూలు గుడ్డ తడిస్తే కుదించుకుపోతుంది, అందుకే ఆ కాస్త ఎక్కువ. ముందు తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టండి. ఈ వయసు పిల్లలకు ఒక మణికట్టు నుంచి రెండో మణికట్టుకు 40 అంగుళాల లోపే ఉంటుంది. అందువల్ల పన్నాలోనే చేతులు కూడా వచ్చేస్తాయి, విడిగా కత్తిరించి అతకక్కర్లేదు.

గుడ్డను అడ్డంగా సగానికి మడవండి. ఆ మడత భుజాలు. తర్వాత నిలువునా సగానికి మడవండి. ఆ మడత ఒంటి మధ్యగీత. రెండు మడతలు కలిసే మూల మెడ. ఆ మూల నుంచి భుజం మడత వెంట రెండున్నర అంగుళాలు మెడ వెడల్పు. లోతు వెనక ఒక అంగుళం, ముందు మూడు అంగుళాలు. ముందు వైపు పొరలు రెండింటినే లోతుగా కత్తిరించండి. నాలుగూ కలిపి కోసేస్తే గౌను వీపు మీదికి జారిపోతుంది. చేతికి భుజం మడత నుంచి కిందికి 7 అంగుళాలు, చంక దగ్గర మధ్యమడత నుంచి 9, కింద అంచు దగ్గర 14 అంగుళాలు గుర్తు పెట్టి కలపండి. పక్కల మిగిలే నాలుగు పొడుగు ముక్కల్ని అతికితే నడుముకు పట్టీ అవుతుంది.

ఎక్కువగా చెడేది రెండు చోట్ల. మొదటిది మెడ. ఈ కొలతకు మెడ చుట్టూ 13, 14 అంగుళాలే వస్తుంది, పిల్ల తల చుట్టుకొలత 20 పైనే ఉంటుంది. వీపు మధ్యలో ఐదంగుళాలు చీల్చి, అంచులు మడిచి, పైన బొందు గానీ హుక్కు గానీ పెట్టకపోతే గౌను తలలోంచి దిగదు. రెండోది చంక. దేవదూతలు చేతులెత్తే వేషం. చంక మూలలో రెండుసార్లు కుట్టు వేసి, కుట్టు తెగకుండా దాని పక్కన మిగిలిన గుడ్డకు చిన్న గాటు పెట్టాలి. లేకపోతే మొదటి పాటకే చిరుగుతుంది.

కిందిది నాలుగంగుళాల మడత కాబట్టి వచ్చే ఏడు విప్పి పొడుగు పెంచుకోవచ్చు. శాటిన్ మెరుస్తుంది గానీ చెమట పట్టిస్తుంది, కుట్టేటప్పుడు జారుతుంది. పాప్లిన్‌కే మా ఓటు.

కొనకుండా చేయాలంటే తాతయ్య పాత పంచె ఉండనే ఉంది. కానీ రెండు చిక్కులు. కొత్త తెలుపు పక్కన పాతది పసుపుగా కనబడుతుంది, ముందురోజు నీలిమందు నీళ్ళలో జాడించండి. లైట్ల వెలుగులో పంచె పలచగా ఉండి లోపలి యూనిఫాం తెలిసిపోతుంది, తెల్ల బనియను, తెల్ల లెగ్గింగు వేయండి.

3. రెక్కలు, తలకు వలయం

అద్దె రెక్కల్లో చాలావాటికి లోపల ఇనుప తీగ ఉంటుంది, దాని కొస బయటికి వచ్చి గుచ్చుకుంటుంది. కోనసీమలో దానికంటే మంచి సరుకు పెరట్లోనే దొరుకుతుంది: కొబ్బరి ఈనెలు. పచ్చి ఈనెలు నాలుగైదు కలిపి దారంతో కట్టి వంచితే రెక్క ఆకారం నిలుస్తుంది. ఎండినవి వంచితే టక్కున విరుగుతాయి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. కొసలు వెనక్కి మడిచి గుడ్డ చుట్టండి, పక్క పిల్ల కంట్లో పొడుచుకోకూడదు. దాని మీద పాత తెల్ల దోమతెర లాగి కుడితే అయిపోయింది.

ఒక్కో రెక్క 14 అంగుళాల ఎత్తు, భుజం బయటికి ఆరంగుళాలు దాటకూడదు. దాటితే స్టేజీ పక్క దారిలో ఇరుక్కుంటాయి. గౌనుకు పిన్నీసులతో తగిలిస్తే ఆ బరువుకు గౌను వెనక్కి లాగి మెడ బిగుస్తుంది. స్కూలు బ్యాగు పట్టీల్లాగా రెండు వెడల్పు ఎలాస్టిక్ పట్టీలు పెట్టి భుజాలకు వేయండి. వలయం కోసం తీగ నిలబెట్టకండి, వంగి ముక్కు మీద పడుతుంది. మెరుపు తోరణం ముక్కను హెయిర్ బ్యాండుకు చుట్టండి చాలు.

నరసాపురం వైపు ఇళ్ళలో అల్లిన గుండ్రటి లేసు గుడ్డ ఉంటే కత్తిరించకుండా మెడ కింద కాలరులా పిన్ను చేయండి. దూరానికి అందంగా కనబడుతుంది, మర్నాడు టేబుల్ మీదికి వెళ్ళిపోతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. చేతిలో నిజం కొవ్వొత్తి వద్దు. దోమతెర, దూది, శాటిన్ అన్నీ ఇట్టే అంటుకుంటాయి. బ్యాటరీ కొవ్వొత్తి ఇవ్వమని స్కూలుకు గట్టిగా చెప్పండి.

4. గొర్రెల కాపరి, యోసేపు

కాపరికైనా, మరియ భర్త యోసేపుకైనా నాన్న పాత ఫుల్ చేతుల చొక్కా, గుండీలు వీపు వైపు వచ్చేలా తొడిగి, నడుముకు కొబ్బరి తాడు కడితే సగం వేషం వచ్చేసింది. ముదురు రంగు మంచిది. తలకు పలచటి చేనేత తువ్వాలు నుదుటి మీదుగా వేసి, అంగుళం వెడల్పు గుడ్డ పట్టీతో చుట్టి వెనక ముడి వేయండి. టర్కీ టవల్ వద్దు, బరువుకు జారి చెవులు మూసుకుపోతే టీచరు పిలిచినా వినబడదు.

గోనె సంచి పైకోటు బాగుంటుంది గానీ ఒళ్ళంతా దురద పుట్టిస్తుంది. ఉతికి, లోపల పాత లుంగీ గుడ్డ కుట్టాకే వేయాలి. గడ్డం మొహానికి జిగురుతో అంటించకండి. పలచటి గుడ్డకు దూది గానీ మెత్తని పీచు గానీ కుట్టి చెవులకు ఎలాస్టిక్ పెట్టండి. కర్ర పిల్లవాడి భుజం ఎత్తు మించకూడదు. సన్న వెదురు చాలు, స్టేజీ ఎక్కే ముందే చేతికివ్వండి, ముందే ఇస్తే కర్రసాము మొదలవుతుంది.

5. జ్ఞానులు

పసి యేసుకు కానుకలు తెచ్చేవాళ్ళు వీళ్ళు. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే, పోనక్కర్లేనిదీ ఇక్కడే. పాత పట్టుచీర పైటకొంగు లేదా జరీ దుపట్టా తీసుకుని, పై అంచు రెండంగుళాలు మడిచి కచ్చా కుట్టు వేయండి. అందులోంచి నాడా దూర్చి మెడ దగ్గర కట్టండి. చీర కత్తిరించక్కర్లేదు, మర్నాడు కుట్టు లాగేస్తే సరి. పొడుగు చీలమండకు మూడంగుళాలు పైనే ఆగాలి. జ్ఞానులు మోకరిల్లి లేవాలి, అంచు తొక్కితే పడతారు.

కిరీటానికి తల చుట్టుకొలతకు ఒక అంగుళం కలిపి పట్టీ కోయండి. చార్టు ఒక్కటే మంచుకు వంగిపోతుంది, లోపల అట్టపెట్టె ముక్క పెట్టి పైన బంగారు రంగు కాగితం అంటించండి. స్టాపులరు పిన్నుల కొసలు బయటి వైపుకు ఉండాలి, పైన టేపు వేయాలి. కానుకలు బంగారం, సాంబ్రాణి, బోళం. కుంకుమ భరిణె, చిన్న ఇత్తడి చెంబు, ఖాళీ అత్తరు సీసా చాలు. అన్నట్టు, బైబిల్లో ఈ కథ చెప్పే మత్తయి సువార్తలో జ్ఞానులు ముగ్గురని ఎక్కడా లేదు. కానుకలు మూడని అలా అనుకుంటున్నాం అంతే. వేషం దొరక్క పిల్లలెవరైనా మిగిలితే నాలుగో జ్ఞానిగా పెట్టమని టీచరును అడగొచ్చు.

యేసు తల్లి మరియకు దేవదూత గౌనే, పైన నీలం చున్నీ. చున్నీ జారకుండా రెండు వైపులా జుట్టుకు పిన్నులు పెట్టండి. పాత పంచె చింపిన పొడుగు పట్టీలతో బొమ్మను చుడితే పొత్తి గుడ్డల్లో పాపాయి సిద్ధం.

6. అద్దెకైతే, కలిసి కొంటే

క్రిస్మస్ తాత వేషం మాత్రం అద్దెకు తేవడమే మేలు. అక్కడే జిప్పు లాగి, మరకలు చూసి, ఫోనులో ఫొటో తీసుకోండి. కార్యక్రమం వాయిదా పడితే రెండో రోజు అద్దె పడుతుందా, డిపాజిట్ ఎప్పుడిస్తారు అన్నది రసీదు మీద రాయించుకోండి.

పన్నెండు మంది దేవదూతలుంటే 27 మీటర్లు కావాలి. అంత కొనేటప్పుడు తాను (మొత్తం గుడ్డ చుట్ట) లెక్కన బేరమాడొచ్చు. ద్వారపూడి బట్టల మార్కెట్‌కో రాజమండ్రి తాడితోట బట్టల మార్కెట్‌కో ఒక్కరు వెళ్ళి తెస్తే చాలు. రెండు మీటర్ల కోసం వెళ్తే మిగిలేది బస్సు చార్జీకే పోతుంది. ఒక్కో పిల్లకు ఇంత మించి ఖర్చు పెట్టకూడదని తల్లిదండ్రులు ముందే ఒక మొత్తం అనుకుని, క్లాసు గ్రూపులో పెట్టేయండి. అలా చేస్తే ఒకరు ఫ్యాన్సీ షాపులో కొన్నారని మిగతావాళ్ళు పరుగెత్తరు.

అరువు తెచ్చిన పట్టుచీరను చెమట తడితో మడత పెట్టకండి. నీడన ఆరేసి, పిన్నీసులన్నీ తీశారో లేదో వెతికి, ఆ తర్వాతే తిరిగివ్వండి. మర్చిపోయిన పిన్ను తుప్పు పట్టి జరీ మీద వదిలే మరక పోదు.