పాత కారుకు ఐదు గేర్ల గేర్‌బాక్స్: గేరు గరగరమన్నా, జారిపోయినా ముందు ఎక్కడ చూడాలి

అంబాసిడర్‌కో, ప్రీమియర్ పద్మినికో స్టీరింగ్ పక్కనుండే నాలుగు గేర్ల కడ్డీ తీసేసి, నేలమీద నుంచి వచ్చే ఐదు గేర్ల గేర్‌బాక్స్ పెట్టించుకున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఎలా పెట్టాలో ఇందులో లేదు. పెట్టాక వచ్చే ఇబ్బందులు, వాటి కారణాలు మాత్రమే.

చెన్నైలో ఈ పని సాధారణంగా ఇలా జరుగుతుంది. పుదుపేటలో పాత గేర్‌బాక్స్ కొంటారు. అంబత్తూరులోనో గిండీలోనో లేత్ షాపులో అడాప్టర్ ప్లేటు (పాత ఇంజనుకు కొత్త గేర్‌బాక్స్‌ను కలిపే పలక) చేయిస్తారు. తమకు అలవాటైన మెకానిక్ దగ్గర బిగిస్తారు. మూడు చోట్ల మూడు చేతులు పడిన పని ఇది. అందుకే తప్పు చాలాసార్లు గేర్‌బాక్స్ లోపల ఉండదు, ఒకరి పని మరొకరి పనిని కలిసే చోట ఉంటుంది. కానీ నా దగ్గరకు వచ్చే ప్రతివారి మొదటి మాట ఒకటే: "గేర్‌బాక్స్ పోయిందండీ."

పోయిందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చులేని పరీక్ష ఒకటుంది. దాన్ని ఎవరూ చేయరు. దయచేసి ముందు అది చేయండి.

గేరు వేస్తుంటే గరగరమంటోంది

ఇంజను ఆపండి. క్లచ్ తొక్కి ఒకటి నుంచి ఐదు వరకు, తర్వాత రివర్సు, ఒక్కొక్కటిగా వేసి చూడండి. ఇంజను ఆపినప్పుడు మెత్తగా పడి, నడుస్తున్నప్పుడు గరగరమంటే గేర్‌బాక్స్‌ను దించాల్సిన పని ఇంకా రాలేదు. చాలాసార్లు క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. ఈ ఒక్క పరీక్ష చేయక సింక్రో రింగులు (గేరు పడేముందు వేగాలను సమం చేసే ఇత్తడి రింగులు) మార్పించినవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఆ రింగుల ఖర్చు, దించి ఎక్కించే కూలీ, అన్నీ వృథా.

నిర్ధారణకు ఇంకో మెట్టు: ఇంజను ఐడిల్‌లో ఉంచి క్లచ్ పూర్తిగా తొక్కి, పది అంకెలు లెక్కపెట్టి రివర్సు వేయండి. చాలా గేర్‌బాక్సుల్లో రివర్సుకు సింక్రో ఉండదు. అప్పటికి షాఫ్ట్ ఆగిపోయి ఉండాలి. అయినా గరగరమంటే ఏదో దాన్ని తిప్పుతూనే ఉంది.

ఏది తిప్పుతోందో వెతికేటప్పుడు పెడల్ కింద నుంచి మొదలుపెట్టండి. గేరు కడ్డీ కోసం నేల కోశాక కొత్తగా మందపాటి కార్పెట్ వేయిస్తారు. పెడల్ చివరి అంగుళం దానికే తగిలి ఆగిపోతుంది. కార్పెట్ తీసి తొక్కి చూడండి. తర్వాత చూడాల్సింది, పెడల్ నొక్కుడును నూనెతో క్లచ్‌కు చేర్చే హైడ్రాలిక్ లైనులో గాలి ఉందేమో. ఆ తర్వాత సిలిండర్ల కొలత: పెడల్ దగ్గరుండే పాత మాస్టర్ సిలిండర్ సన్నగా, కొత్త గేర్‌బాక్స్‌తో వచ్చిన, క్లచ్ దగ్గరుండే స్లేవ్ సిలిండర్ లావుగా ఉంటే పెడల్ ఎంత తొక్కినా క్లచ్‌ను విడిపించే ఫోర్కు కావలసినంత కదలదు. ఫోర్కు చివర ఎంత కదులుతోందో స్కేలు పెట్టి కొలవండి. ఎంత కదలాలో ఆ గేర్‌బాక్స్ అసలు ఏ బండిదో దాని మాన్యువల్‌లో ఉంటుంది.

ఇవన్నీ సరిగ్గా ఉంటే క్లచ్ ప్లేటు దగ్గరకు రండి. గేర్‌బాక్స్ మారితే షాఫ్ట్ పళ్లు మారతాయి కనుక ప్లేటు కొత్త గేర్‌బాక్స్‌ది అయి ఉంటుంది. ఫ్లైవీల్ మాత్రం పాతదే. కొత్త ప్లేటు నడుమనున్న స్ప్రింగుల బుడిపె పాత ఫ్లైవీల్ బోల్టుల తలలకు రాసుకోవడం మామూలు. బోల్టు తలల మీద మెరుపు గీతలు కనిపిస్తే కారణం అదే. ప్లేటు తిరగేసి బిగించినా ఇదే జరుగుతుంది.

ఇంజను ఆపినా గేరు గట్టిగానే పడుతోంది

ముందు కడ్డీని చూడండి. రబ్బరు బూటు తీసి, ఐదో గేరులోనూ రివర్సులోనూ కడ్డీ నేల కోత అంచుకు తగులుతోందేమో పరికించండి. తగిలితే కోత పెంచండి. మూడులోనో ఐదులోనో పూర్తిగా పడకుండా సగంలో నిలిచి, కుదుపుకు బయటకు వచ్చేసే బండ్లలో చాలావాటి రోగం ఇదే.

తర్వాత నూనె. పాత అలవాటుగా మెకానిక్ 90 నంబరు గేర్ ఆయిల్ పోసేస్తాడు. అది తరచుగా క్రౌన్ పినియన్ (వెనక ఇరుసులోని పళ్లచక్రాలు) కోసం చేసిన జీఎల్-5 రకం (జీఎల్ అంకె గేర్ ఆయిల్ తరగతి). అందులోని గంధక రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులకు పడవు. నూనె మరీ జారుడుగా ఉంటే రింగు గేరు మీది శంకువును పట్టుకోలేదు కూడా. ఆధునిక ఐదు గేర్ల గేర్‌బాక్సుల్లో చాలావాటికి 75డబ్ల్యూ-90 లేదా 80డబ్ల్యూ-90 జీఎల్-4 కావాలి. కొన్నింటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల నూనె) పోయాలి. ఇసుజు గేర్‌బాక్సుల్లో కొన్నింటికి ఇంజనాయిలే పోయమని తయారీదారే చెప్పాడు. కాబట్టి "గేర్‌బాక్స్ అంటే గేర్ ఆయిల్" అనే లెక్క వదిలేసి, మీ గేర్‌బాక్స్ ఏదో తెలుసుకుని దానికి చెప్పినదే పోయండి.

నాలుగో గేరు జారిపోతోంది, న్యూట్రల్‌లో గుర్రుమంటోంది

ఇక్కడ ఆగి నిదానంగా చదవండి. అందరినీ ముంచేది ఇదే.

లక్షణాలు ఇలా వస్తాయి. మొదటి రెండు మూడు వేల కిలోమీటర్లు బండి బాగుంటుంది. తర్వాత న్యూట్రల్‌లో క్లచ్ వదిలి ఉంచితే సన్నని గుర్రు వినిపిస్తుంది, పెడల్ తొక్కితే ఆగిపోతుంది. మూడు, నాలుగు గేర్లు గట్టిపడతాయి. చివరికి నాలుగో గేరులో వెళ్తూ యాక్సిలరేటర్ వదిలితే కడ్డీ దానంతటదే న్యూట్రల్‌కు వచ్చేస్తుంది. అంతా గేర్‌బాక్స్ రోగంలాగే కనిపిస్తుంది. విప్పి చూస్తే ముందు బేరింగూ సింక్రో రింగూ నిజంగానే అరిగి ఉంటాయి. కొత్తవి వేస్తారు. కొన్ని నెలలకు మళ్లీ అదే కథ.

నెల్లూరు నుంచి వచ్చి వేళచ్చేరిలో స్థిరపడిన కుటుంబానికి 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్ ఉంది. ఊరికి వెళ్లేటప్పుడు గుమ్మిడిపూండి దాటాక 80 మీద యాక్సిలరేటర్ వదిలితే నాలుగో గేరు ఊడిపోయేది. నా దగ్గరకు వచ్చేలోగా ఇద్దరు మెకానిక్‌లు గేర్‌బాక్స్ విప్పారు. రింగులు, నాలుగో గేరు హబ్బు, ముందు బేరింగు అన్నీ కొత్తవే. గేర్‌బాక్స్ దించగానే నేను చూసింది ఇంజను క్రాంకు చివరనుండే స్పిగాట్ బుష్, అంటే గేర్‌బాక్స్ షాఫ్ట్ ముక్కు కూర్చునే చిన్న గొట్టం. దాని రంధ్రం అంచు దగ్గర వెడల్పై లోపలికి సన్నబడుతూ పోయింది, చుట్టూ పసుపు పొడి. "అడాప్టర్ ప్లేటుకు డోవెల్ పిన్నులు ఉన్నాయా?" అని అడిగాను. "బోల్టులు ఎనిమిది ఉన్నాయి కదండీ, ఇంకా పిన్నులెందుకు?" అన్నారు బండి యజమాని.

మొత్తం రహస్యం ఆ జవాబులోనే ఉంది. బోల్టు పని బిగించి పట్టుకోవడం. ఎక్కడ కూర్చోవాలో చెప్పేది డోవెల్ పిన్ను. 10 మి.మీ. బోల్టుకు 11 మి.మీ. రంధ్రం వేస్తే ప్లేటు ఎటువైపైనా అర మిల్లీమీటరు జరగగలదు. గేర్‌బాక్స్ బరువు వేలాడుతుండగా బోల్టులు బిగిస్తే ఆ ప్లేటు కిందికి దిగే కూర్చుంటుంది. కంపెనీ నుంచి వచ్చిన ఏ ఇంజనుకైనా బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే గంట ఆకారపు డొప్ప) కలిసే చోట పిన్నులు ఉండేది ఇందుకే.

గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్కు క్రాంకులోని బుష్‌లో, వెనక భాగం గేర్‌బాక్స్ ముందు బేరింగులో కూర్చుంటాయి. ఆ రెంటి కేంద్రాలు ఒకే గీతమీద లేకపోతే షాఫ్ట్‌ను ప్రతి చుట్టులోనూ పక్కకు నొక్కుతున్నట్టే. 3,000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 50 సార్లు. సాధారణంగా నాలుగో గేరులో ఇన్‌పుట్ షాఫ్ట్, మెయిన్ షాఫ్ట్ నేరుగా ఒకదానికొకటి జతపడతాయి. ఒకటి వంకరగా తిరిగితే వాటిని కలిపే స్లీవు కొద్దికొద్దిగా వెనక్కి జరుగుతూ ఊడిపోతుంది. వేరే గేర్లు నిలిచి నాలుగోది మాత్రమే జారితే మీ అనుమానం మొదట ఇటే వెళ్లాలి. క్లచ్ ప్లేటు నడుమ రివెట్లు వదులవడం, కొన్నిసార్లు ప్లేటు మధ్యభాగం చిట్లడం కూడా దీనివల్లే. "నాసిరకం ప్లేటు" అని తిట్టుకుని మళ్లీ కొత్తది కొంటారు.

దీన్ని కంటితో పట్టుకోలేరు. డయల్ గేజ్ (మిల్లీమీటరులో వందో వంతు తేడానూ ముల్లుతో చూపే కొలత సాధనం), అయస్కాంతపు స్టాండు కావాలి. గేర్‌బాక్స్, క్లచ్ తీసేయండి. బెల్ హౌసింగ్, అడాప్టర్ ప్లేటు ఇంజనుకే బిగించి ఉంచండి. గేర్‌బాక్స్, హౌసింగ్ ఒకే పోతగా ఉంటే లోపలి గేర్లన్నీ తీసిన ఖాళీ డొప్పను ఇంజనుకు బిగించి, ముందు బేరింగు కూర్చునే రంధ్రాన్ని కొలవాలి. శ్రమే, కానీ వేరే దారి లేదు.

స్పార్కు ప్లగ్గులు తీసి స్టాండును ఫ్లైవీల్‌కు అంటించండి. గేజ్ కొలత కడ్డీ మొనను హౌసింగ్ వెనక రంధ్రం లోపలి అంచుకు ఆనించండి. ముందు పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి క్రాంకును నిదానంగా ఒక చుట్టు తిప్పుతూ పైన, కుడి, కింద, ఎడమ నాలుగు చోట్ల అంకెలు రాసుకోండి. ఎక్కువ తక్కువల తేడా అసలు పక్కకు జరిగినదానికి రెట్టింపు. ఆ అంబాసిడర్‌లో తేడా 0.60 మి.మీ. వచ్చింది, అంటే హౌసింగ్ కేంద్రం 0.30 మి.మీ. కిందికి దిగి ఉంది. గేర్‌బాక్స్ తయారీదారులు ఒప్పుకునే మొత్తం తేడా సుమారు 0.13 మి.మీ. మాత్రమే.

సరిచేయడం కష్టం కాదు, ఓపిక కావాలి. మొన ఎటువైపు ఎక్కువ నొక్కుకుంటే అటువైపుకు హౌసింగ్‌ను జరపాలి. బోల్టులు కొంచెం వదులు చేసి, చెక్క సుత్తితో తట్టి, బిగించి, మళ్లీ కొలవండి. 0.13 లోపుకు వచ్చేదాకా ఇదే పని. వచ్చాక బోల్టులు పూర్తి టార్కుకు బిగించి ఇంకోసారి కొలవండి, ఎందుకంటే బిగించేటప్పుడు ప్లేటు జరుగుతుంది. అప్పుడు మాత్రమే ఎదురెదురుగా రెండు చోట్ల డ్రిల్లు వేసి, రీమర్‌తో సరిచేసి డోవెల్ పిన్నులు దింపండి. ఇంజను బ్లాకులో ముందే పిన్నులు ఉండి అవే తప్పు చోట నిలబెడుతుంటే, తల ఒక పక్కకు జరిగిన పిన్నులు లేత్‌లో చేయించాలి. మీకు కావలసిన జరుగుడు ఎంతో మిల్లీమీటర్లలో కాగితం మీద రాసి టర్నర్‌కు ఇవ్వండి. నోటిమాటగా చెప్పకండి.

గేజ్ దిగిందే కదా, హౌసింగ్ వెనక ముఖం కూడా కొలవండి. మొనను ముఖానికి ఆనించి అలాగే ఒక చుట్టు తిప్పాలి. క్రాంకుకు ముందువెనకల ఆట ఉంటుంది కాబట్టి తిప్పుతున్నంతసేపూ దాన్ని ఒకే వైపు నెట్టి పట్టుకోవాలి, లేదంటే వచ్చే అంకెకు అర్థం లేదు. ఇక్కడా 0.13 మించకూడదు. మించితే రెండు ముఖాల మధ్య పాత పెయింటో, డ్రిల్లు వేసినప్పుడు లేచిన పొరో ఉందేమో ముందు చూడండి. అడాప్టర్ ప్లేటు రెండు ముఖాలూ సమాంతరంగా లేకపోవడం తర్వాతి అనుమానం. దానికి సర్ఫేస్ గ్రైండింగే మందు.

తిరిగి ఎక్కించేటప్పుడు స్పిగాట్ బుష్ కొత్తది వేయండి. క్రాంకులోకి దింపాక బుష్ నొక్కుకుని రంధ్రం కొంచెం చిన్నదవుతుంది. షాఫ్ట్ ముక్కు చేతితో తిరగకపోతే బుష్‌ను సరిచేయాలి. లేకపోతే క్లచ్ ఎంత బాగా విడిచినా బుష్ షాఫ్ట్‌ను తిప్పుతూ మళ్లీ గరగర మొదలవుతుంది. గేర్‌బాక్స్‌ను బోల్టులతో లాగి మాత్రం కూర్చోబెట్టవద్దు. చేతితో తోస్తే చివరి మిల్లీమీటరు దాకా వెళ్లాలి. వెళ్లలేదంటే ఏదో అడ్డుపడుతోంది.

వేగంలో అదురు

రోడ్డు మీద అదురు మొదలైన వేగంలో న్యూట్రల్‌కు తెచ్చి చూడండి. అప్పుడూ అదురుంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక ఇరుసుకు శక్తిని చేర్చే కడ్డీ) వైపు, పోతే ఇంజను, క్లచ్ వైపు వెతకాలి. షాఫ్ట్‌ను పొట్టిచేయించాక బ్యాలెన్సింగ్ చేయించారా అన్నది మొదటి ప్రశ్న. రెండోది కోణం. బండి చక్రాల మీద నిలబడి ఉండగా గేర్‌బాక్స్ వెనక ముఖం వాలు, డిఫరెన్షియల్ పినియన్ వాలు ఫోన్‌లోని లెవెల్ యాప్‌తో కొలవండి. రెండూ సమాంతరంగా ఉండాలి. ఒక్కో యూనివర్సల్ జాయింటు దగ్గర కోణం ఒకటి నుంచి మూడు డిగ్రీల మధ్య ఉంటే మంచిది. తేడా ఉంటే గేర్‌బాక్స్ మౌంటు కింద పలక వేసో, వెనక లీఫ్ స్ప్రింగుల మీద వాలు ముక్క పెట్టో సరిచేయవచ్చు. స్లిప్ యోక్ (ఆ షాఫ్ట్ ముందు చివర జారుతూ కదిలే భాగం) గేర్‌బాక్స్‌లో పూర్తిగా లోపలికి తగలకుండా 20-25 మి.మీ. ఖాళీ ఉందో లేదో కూడా చూసుకోండి.

చిన్నచిన్నవి

స్పీడోమీటర్ తప్పు చూపితే ఫోన్ జీపీఎస్‌తో పోల్చండి. నిజంగా 60 వెళ్తున్నప్పుడు 50 చూపితే, 18 పళ్ల స్పీడో పినియన్‌కు బదులు 15 పళ్లది వేయాలి.

ఐదో గేరులో బండి లాగడం లేదంటే చాలాసార్లు అది లోపం కాదు. 0.85 నిష్పత్తి గేరుతో నాలుగులో 3,000 ఆర్‌పీఎం ఉన్నది ఐదులో 2,550 అవుతుంది. 1489 సీసీ ఇంజను 70 కిలోమీటర్ల లోపు అక్కడ ఆయాసపడుతుంది. ఈసీఆర్ (తూర్పు తీర రహదారి) మీద మహాబలిపురం వైపు ఖాళీ రోడ్డు దొరికినప్పుడు వేయండి, వేళచ్చేరి వంతెన మీద కాదు.

స్టార్టర్ నీరసంగా తిరుగుతూ క్లచ్ కేబులో యాక్సిలరేటర్ కేబులో వేడెక్కితే గేర్‌బాక్స్ నుంచి బాడీకి ఉండాల్సిన ఎర్త్ పట్టీ తిరిగి బిగించలేదు. వెంటనే బిగించండి.

వంగిన షిఫ్ట్ ఫోర్కు, పగిలిన డొప్ప, అరిగిన మెయిన్ షాఫ్ట్ ఉండవచ్చు. పై పరీక్షలన్నీ దాటాక మాత్రమే వాటి గురించి ఆలోచించండి.